ఎనిమిది బర్రెలు, మూడే పాలిస్తున్నాయి: అమ్మేయాలా, ఆగాలా?

కొత్తకొట్టం
మాది సూర్యాపేట దగ్గర ఊరు. మూడెకరాల పొలం, బోరు ఉంది. ఎనిమిది ముర్రా బర్రెలతో డెయిరీ పెట్టాను. ఇప్పుడు మూడే పాలిస్తున్నాయి, పూటకు నాలుగు లీటర్ల చొప్పున. మిగతా ఐదు వట్టిపోయి నెలలు దాటింది. ఎదకు వచ్చినట్టే కనబడవు. వచ్చిందనుకుని కృత్రిమ గర్భధారణ సూది వేయిస్తే నిలవడం లేదు. పాల కేంద్రంలో ఫ్యాట్ (వెన్న శాతం) 5.2, 5.4 దాటదు. వరిగడ్డి కొనడమే, పచ్చిగడ్డి కొనడమే, దాణా బస్తా కొనడమే. పాలిచ్చే దానికి రోజుకు మూడు వందలు, వట్టిదానికి నూటయాభై పడుతోంది. నాన్నేమో "అన్నీ అమ్మేసి ఆ పొలంలో పత్తి వేసుకో" అంటున్నాడు. నిన్న బేరగాడు వచ్చి ఐదు వట్టి బర్రెలకూ ధర చెప్పి పోయాడు. ఎల్లుండి మళ్లీ వస్తాడు. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఏమంటారు?

గోదారోడు
ఎక్కడ కొన్నారు, ఎన్నో ఈతవి? దూడలు ఎన్ని బతికున్నాయి? ఈ మూడూ చెప్పకుండా అమ్మాలా వద్దా అంటే ఎవరూ చెప్పలేరు.

డాలస్‌పాడి
సరిగ్గా ఇలాంటి థ్రెడ్ కోసమే చూస్తున్నా. వచ్చే ఏడాది ఇండియా వచ్చి 50 గేదెలతో హైటెక్ డెయిరీ పెడదామని ప్లాన్. ఎక్సెల్ షీట్ రెడీ.

బర్రెలబావ
@డాలస్‌పాడి ఆ షీట్లో పేడ ఎత్తేవాడు పండక్కి ఊరెళ్లి తిరిగి రాకపోతే అనే కాలమ్ ఉందా అన్నా?

డాలస్‌పాడి
లేదు 😀 యాడ్ చేస్తా.

కొత్తకొట్టం
@గోదారోడు హర్యానా నుంచి తెప్పించినవి, రోహ్‌తక్ వైపు. అన్నీ రెండో ఈత అన్నారు. పూటకు ఏడు లీటర్లు అని చెప్పారు, అక్కడ పిండి చూపించారు కూడా. ఇక్కడికొచ్చాక ఐదు దాటలేదు. దూడల్లో మూడు పోయాయి.

గోదారోడు
అనుకున్నాను. అక్కడ ఒక పూట పిండి చూపిస్తే కొనేయకూడదండీ. సంతకు తెచ్చే ముందు ఒక పూట పాలు పిండకుండా వదిలేస్తారు, పొదుగు నిండుకుండలా కనబడుతుంది. సూది పొడిచి చేపించేవాళ్లు, అంటే పాలు దిగేలా చేసేవాళ్లు కూడా ఉన్నారు. మా కోనసీమ నుంచి వెళ్లేవాళ్లు అమ్మేవాడి ఇంటి దగ్గరే మకాం వేసి వరసగా మూడు పూటలు పిండించి చూస్తారు. మొదటి పూట పాలు లెక్కలోకి తీసుకోరు, తర్వాతి రెండింటినే నమ్ముతారు. పళ్లు చూస్తారు, కొమ్ము మొదట్లో వలయాలు చూస్తారు. నాలుగు చన్నులూ విడివిడిగా పిండి ధార సమంగా ఉందో లేదో చూస్తారు.

ఇంకోటి. అంత దూరం లారీలో నిలబడి వచ్చిన గేదె ఇక్కడి మేతకూ ఎండకూ అలవాటు పడటానికి ఒక ఈత పడుతుంది. అక్కడ దానికి బర్సీం పచ్చిగడ్డి, గోధుమ చొప్ప పెట్టేవారు. మనం ఇక్కడ వరిగడ్డి పడేసి అదే పాలు ఇమ్మంటే ఎక్కడిస్తుంది?

లెక్కలమాస్టారు
మీరిచ్చిన అంకెలే తీసుకుందాం. మూడు బర్రెలు × రోజుకు 8 లీటర్లు = 24 లీటర్లు. లీటరుకు సగటున 42 వస్తుందనుకుంటే రోజుకు 1,008, నెలకు 30,240. ఆ మూడింటి మేత ఖర్చు రోజుకు 900, నెలకు 27,000. అంటే పాలిచ్చేవి వాటి తిండి అవే సంపాదించుకుని 3,240 మిగిల్చాయి. ఇప్పుడు వట్టివి ఐదు × 150 × 30 = 22,500. నెలకు 19,260 చేతి నుంచి పోతోంది. కూలీ, కరెంటు, మందులు ఇందులో వేయలేదు.

ఇక్కడ పాల ధర సమస్య కాదు. లీటరుకు ఐదు రూపాయలు పెంచినా నెలకు 3,600 వస్తుంది, ఈ గొయ్యి పూడదు. ఎనిమిదింట్లో ఎన్ని పాల మీద ఉన్నాయన్నదే అసలు లెక్క. మూడింట రెండు వంతులైనా పాల మీద లేకపోతే ఏ డెయిరీ నిలబడదు.

బర్రెలబావ
మాస్టారు వచ్చారంటే ఎవరికో నిద్ర పట్టదు ఆ రాత్రి.

ఒంగోలుగిత్త
అందుకే చెబుతున్నా, ఆ హర్యానా మోజు మానేసి నాటు ఆవులు పెంచండి. రోగాలు రావు, ఖర్చు ఉండదు. ఏ2 పాలు లీటరు వంద పైన అమ్ముకోవచ్చు.

బర్రెలబావ
వంద పైన కొనేవాడు సూర్యాపేట పక్క పల్లెలో ఎక్కడున్నాడు గిత్తా? హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీకి రోజూ సీసాలు చేరవేసే బండి, డ్రైవరు, ఫ్రిజ్ ఎవరు పెడతారు? పాలు అమ్మడం వేరే వ్యాపారం, పాలు తీయడం వేరే వ్యాపారం. తమ్ముడు ఇంకా రెండోదే పట్టుకోలేదు.

ఒంగోలుగిత్త
రోగాలు తక్కువన్నది మాత్రం నిజం. జెర్సీ, హెచ్ఎఫ్ సంకరాలు గోమార్లు పట్టి థైలేరియాతో పడిపోతుంటే మా ఒంగోలువి తిరుగుతూనే ఉంటాయి.

పశువైద్యం
గిత్త గారు థైలేరియా గురించి చెప్పింది సరైనదే. కానీ "రోగాలు రావు" అనకండి. 2022లో ముద్దచర్మ వ్యాధి వచ్చినప్పుడు నాటువి కూడా పడిపోయాయి. గేదెల్లో మాత్రం అది తక్కువే.

అసలు విషయానికి వస్తా. @కొత్తకొట్టం, ఆ ఐదింటికీ చూడి (గర్భం) పరీక్ష చేయించారా? "నిలవడం లేదు" అని మీకెలా తెలిసింది? గేదె మళ్లీ ఎదకు రాలేదంటే ముందు అనుమానించాల్సినవి రెండు: ఎద మీ కంట పడలేదు, లేదా అది చూడితో ఉంది. సూది వేయించిన రెండు నెలలు దాటాక డాక్టరు చెయ్యి పెట్టి చూస్తే తేలిపోతుంది. మా దగ్గర ఒక రైతు వట్టి గేదె అని బేరగాడికి ఇచ్చేశాడు, కొన్నవాడి ఇంట్లో అది నాలుగు నెలలకు ఈనింది.

చూడి పరీక్ష కాకుండా ఎద రావడానికి ఎవరైనా సూది వేస్తానంటే ఒప్పుకోకండి. ఆ సూదుల్లో కొన్ని చూడి గేదెకు వేస్తే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది.

గేదెల్లో మూగ ఎద ఎక్కువ. ఆవులా అరిచి, ఎగిరి హడావుడి చేయదు. ఎండాకాలంలో మరీ. తీగ (ఎదలో కారే జిగురు) సన్నగా, పలచగా వేస్తుంది, పడుకుని లేచిన చోట తడిగా కనబడుతుంది. మాటిమాటికీ మూత్రం పోస్తుంది. ఆ పూట పాలు తగ్గుతాయి, దాణా వదిలేస్తుంది. చాలావాటికి రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున లక్షణాలు కనబడతాయి. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయించాలి. 21 రోజులకు మళ్లీ చూడాలి.

తీగ అద్దంలా తేటగా ఉందా, చీము కలిసిందా అన్నది కూడా చూడండి. చీముంటే గర్భకోశంలో ఇన్ఫెక్షన్, ముందు దానికి వైద్యం. ఆ ఎదకు సూది వేయించి లాభం లేదు. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు పెడుతున్నారా?

కొత్తకొట్టం
చూడి పరీక్ష చేయించలేదు డాక్టర్ గారూ. వేసే అతను "మళ్లీ ఎదకు రాకపోతే నిలిచినట్టే" అన్నాడు, రెండోసారి వచ్చినప్పుడు "ఇది వట్టిదే" అన్నాడు. పొద్దున ఫోన్ చేస్తే మరుసటి రోజు మధ్యాహ్నం వస్తాడు. లవణ మిశ్రమం కొన్నాళ్లు పెట్టాం.

గోదారోడు
మరుసటి రోజు మధ్యాహ్నానికి ఎద దాటిపోయి ఉంటుంది. అతను స్ట్రా (ఆబోతు వీర్యం ఉండే సన్న గొట్టం) ఎలా తెస్తాడో చూశారా? మా ఊళ్లో ఒకాయన చొక్కా జేబులో వేసుకుని బండి మీద వచ్చేవాడు.

పశువైద్యం
జేబులో తెస్తే ఇక అందులో బతికున్నది ఏమీ ఉండదు. నైట్రోజన్ డబ్బాలోంచి తీసిన స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం ఉంచి, తుడిచి, వెంటనే వేయాలి. మీ ఎదురుగానే తీయమని అడగండి. స్ట్రా మీద ఆబోతు నంబరు, తేదీ రాసి ఉంటాయి, అవి నోట్‌బుక్కులో రాసుకోండి.

లక్ష్మి_పాడి
డాక్టర్ గారు చెప్పిందంతా నిజమే కానీ తీగ చూడాలంటే చూసే మనిషి కావాలి కదండీ. మగవాళ్లు పొద్దున ఏడింటికి కొట్టంలోకి వచ్చి "ఎదకు రాలేదు" అంటారు. నాలుగున్నరకు పేడ తీసేటప్పుడు తోక పక్కన, తొడల మీద ఎండి అంటుకున్న తీగ నాకు కనబడుతుంది. కడిగేశాక ఇంకేం కనబడుతుంది? అందుకే నేను పేడ తీసేముందు టార్చి వేసి ఒక్కొక్కదాని వెనక చూసి, తర్వాతే నీళ్లు కొడతాను.

తమ్ముడూ, మూడు దూడలు పోయాయన్నావు కదా. ఎన్ని రోజులప్పుడు? మట్టి రంగులో కంపు కొట్టే పారుడు వచ్చిందా?

కొత్తకొట్టం
అవునక్కా, మూడు వారాల లోపే. పారుడే. పాలు ఎక్కువ తాగాయి, అరగలేదు అన్నారు. అప్పటి నుంచి దూడకు పాలు తగ్గించాం.

లక్ష్మి_పాడి
ఏలికపాములు. బర్రె దూడలకు తల్లి పాలలోనే వస్తాయవి. పుట్టిన రెండో వారంలో నట్టల మందు తాగించాలి, బరువు చూసి ఎంతో డాక్టర్ చెబుతారు. పాలు తగ్గించినందుకు ఆకలితో ఇంకా నీరసించి ఉంటాయి. పుట్టగానే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టి, మాయ పడేదాకా ఆగకుండా గంట లోపే జున్నుపాలు తాగించాలి. మాయ పడ్డాకే పిండాలని మా అత్తగారి కాలంలో ఉండేది. అలా ఆగితే దూడకు రోగాన్ని తట్టుకునే శక్తే రాదు.

దూడ పోతే బర్రె చేపదు. మీ పాలు సగం అక్కడే పోయాయి.

పశువైద్యం
లక్ష్మి గారు చెప్పినదానికి నేను కలపాల్సింది ఒక్కటే: మొదటి రోజు దూడ బరువులో పదో వంతు జున్నుపాలు పోవాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు సార్లుగా.

చేపడం లేదని ఆక్సిటోసిన్ సూదికి పోవద్దు. పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, నిమిషం పాటు మర్దన చేసి, ముందు దాణా పెట్టి రోజూ ఒకే వేళకు ఒకే మనిషి పిండితే అలవాటు పడుతుంది.

డాలస్‌పాడి
ఒకే మనిషి అంటే మెషీన్ పెడితే?

బర్రెలబావ
మెషీన్‌కు పండగ సెలవు ఉండదు. అది మాత్రం ప్లస్సే.

పాలకేంద్రం_సూరి
నేను ఒక సేకరణ కేంద్రంలో ఫ్యాట్ చూస్తాను. 5.2 అంటే అందరూ మమ్మల్నే అనుమానిస్తారు కాబట్టి చెబుతున్నా. దూడకు మొదట వదులుతారా, చివర వదులుతారా? మొదటి ధారలో వెన్న బాగా తక్కువ, ఆఖరి పాలలోనే ఎక్కువ. చాలామంది మొదట పిండుకుని చివర దూడకు వదిలేస్తారు. అంటే వెన్న దూడకు, నీళ్ల పాలు కేంద్రానికి.

వరిగడ్డి తగ్గించి దాణా గుప్పిస్తే కూడా వెన్న పడిపోతుంది. నెమరు వేయడానికి పీచు కావాలి. ఈనిన కొత్తలో ఫ్యాట్ తక్కువ ఉండి తర్వాత పెరగడం మామూలే.

ఫ్యాట్ కిలోకి 750 అనుకుందాం. 6 వస్తే కిలో పాలకు 45, 5.2 వస్తే 39. ఆరు రూపాయలు తేడా.

గోదారోడు
మీరు చెప్పింది సరే సూరి గారూ, శాంపిల్ తీసేముందు క్యాను కలపకుండా అడుగు నుంచి ముంచితే? మా దగ్గర ఒక కేంద్రంలో అదే జరిగేది. వెన్న పైన తేలుతుంది, శాంపిల్ కింద నుంచి తీస్తారు. అడిగితే మెషీన్ అబద్ధం చెబుతుందా అంటారు.

పాలకేంద్రం_సూరి
అలా చేసేవాళ్లు లేరనను. మీ ఎదురుగా గరిటెతో పైకీ కిందికీ కలిపించి శాంపిల్ తీయించుకోండి, అది మీ హక్కు. అనుమానం ఉంటే అదే పాలు రెండు సీసాల్లో పట్టి ఇంకో చోట చూపించండి.

ఒంగోలుగిత్త
రెండో కేంద్రం ఉన్న ఊరైతే కదా.

సీమగొర్రెలు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కదిరి వైపు, గొర్రెలు. మీకు మేత కొనే బాధ, మాకు మేపే చోటే లేని బాధ. బీళ్లన్నీ సోలార్ పలకలు, మామిడి తోటలు అయిపోయాయి. తొలకరి పడి లేతగడ్డి మొలిచిందని సంబరపడేలోపు మంచి కండ పట్టిన పిల్లలే సాయంత్రం బాగుండి పొద్దున చచ్చి ఉంటున్నాయి. బక్కవి బతుకుతున్నాయి. ఎవరో దిష్టి అన్నారు.

పశువైద్యం
చిటుకు రోగం. బాగా తినే బలమైన పిల్లలనే పట్టుకుంటుంది, అందుకే దిష్టి అనిపిస్తుంది. లేతగడ్డి మీద ఒక్కసారిగా పడితే పేగులో సూక్ష్మజీవి పెరిగి విషం తయారవుతుంది. వానలకు ముందే, మే నెలలో టీకా వేయించాలి. మొదటిసారి వేయించేవాటికి రెండు వారాలకు బూస్టర్ కూడా. తొలకరి గడ్డికి తోలేముందు కాస్త ఎండు మేత తినిపించండి. పీపీఆర్ (గొర్రెలు, మేకలకు వచ్చే పారుడు రోగం) టీకా ఒకసారి వేయిస్తే మూడేళ్లు ఆగుతుంది. వానలు ముదిరాక మూతి వాచి, నాలుక నీలమెక్కి, కుంటితే నీలినాలుక. అది చిన్న దోమల్లాంటి పురుగుల వల్ల వస్తుంది, సాయంత్రం దొడ్లో వేపాకు పొగ పెట్టండి. దానికీ టీకా ఉంది.

సీమగొర్రెలు
టీకా వేయించాలంటే మంద మేపుకు పోకముందే ఆరింటికి డాక్టరు రావాలి. ఆయన వచ్చేది పదకొండింటికి. అప్పటికి మంద గుట్ట మీద ఉంటుంది.

లక్ష్మి_పాడి
సంచార పశువైద్య బండి నంబరు 1962కు ఫోన్ చేసి చూశారా? మాకు బండి వస్తుంది. ఆలస్యమైనా వస్తుంది.

సీమగొర్రెలు
ఒక్కదానికి జబ్బు చేస్తే వస్తుందక్కా. మందకు టీకాలంటే ఊరంతా కలిసి ఒక రోజు పెట్టించుకోవాలి. ఈసారి నాలుగు మందలవాళ్లం కలిసి అడుగుతాం.

నేపియర్_నర్సన్న
ఇంత చర్చ జరిగింది, మూడెకరాలూ బోరూ ఉన్నవాడు పచ్చిగడ్డి ఎందుకు కొంటున్నాడని ఒక్కరూ అడగలేదు! తమ్ముడూ, పత్తి గురించి తర్వాత ఆలోచిద్దాం. ఒక ఎకరం సూపర్ నేపియరో కో-4 గడ్డో పెట్టు. మొదటి కోత రెండు, రెండున్నర నెలలకు వస్తుంది. తర్వాత నలభై అయిదు రోజులకోసారి కోసుకోవడమే. ఎకరానికి ఏడాదికి 150 టన్నులు అని రాస్తారు, మన చేతిలో అందులో సగమే వచ్చిందనుకో. 75 టన్నులంటే రోజుకు రెండు వందల కిలోలు. ఎనిమిది బర్రెలకు తలా పాతిక కిలోలు.

ఒక్క నేపియరే పెట్టొద్దు. గట్టు మీద అవిశ, మధ్య సాళ్లలో అలసంద, ఒక మూల హెడ్జ్ లూసర్న్ వెయ్యి. పప్పుజాతి గడ్డి కలిస్తే ఆ మేరకు దాణా తగ్గించొచ్చు. చాఫ్ కట్టర్ (గడ్డి ముక్కలు చేసే యంత్రం) కచ్చితంగా కావాలి. నిలువుగా పడేస్తే లేత ఆకు తిని కాడ తొక్కేస్తాయి, సగం పేడకుప్పలోకి పోతుంది.

ఎండాకాలానికి మొక్కజొన్న గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి సైలేజి పెట్టుకో. పచ్చగా కొనే దానికన్నా చాలా చవక.

బర్రెలబావ
నర్సన్న నేపియర్ గురించి రాస్తుంటే చదివేవాళ్లకే నోరూరుతోంది.

గోదారోడు
పిలక జొన్న గురించి కూడా హెచ్చరించండి నర్సన్న గారూ.

నేపియర్_నర్సన్న
అవును, మంచిమాట. జొన్న కోసిన చేలో మళ్లీ మొలిచిన పిలకలు, వానలు లేక గిడసబారిన లేత జొన్న తినిపిస్తే నాము పట్టి అరగంటలో పడిపోతాయి. పూత దశ దాటాకే కోయాలి, లేదా కోసి బాగా ఎండబెట్టి పెట్టాలి. కట్టు తెంచుకున్న బర్రె ముందు పోయేది అక్కడికే. మా మేనమామ ఊళ్లో ఒక సాయంత్రం మూడు పోయాయి.

పశువైద్యం
ఊపిరి ఎగబోస్తూ, కాళ్లు తడబడుతుంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. సోడియం థయోసల్ఫేట్ రక్తనాళంలోకి ఎక్కిస్తే లేస్తాయి. నోట్లో ఏదేదో పోస్తూ కూర్చుంటే అయిపోతుంది.

పనిలో పనిగా: పెళ్లిళ్ల సీజన్‌లో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెడతారు. పుణ్యం అనుకుంటారు. కడుపులో పులిసి ఆమ్లం పెరిగి మర్నాటికి లేవలేవు. నాకు మాఘమాసం వచ్చిందంటే వంట సోడా బ్యాగులోనే ఉంటుంది.

డాలస్‌పాడి
వరిగడ్డికి యూరియా కలుపుతారని యూట్యూబ్‌లో చూశా. ఇది సేఫేనా?

నేపియర్_నర్సన్న
పద్ధతిగా చేస్తే చాలా మంచిది. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, టార్పాలిన్‌తో గాలి పోకుండా కప్పాలి. మూడు వారాలయ్యాక తీసి, ఆ ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. కలిపిన నీళ్ల బకెట్ బర్రెలకు అందే చోట ఉంచొద్దు, తాగితే చస్తాయి. ఇంతా చదివి దాణాలో గుప్పెడు యూరియా వేసే మహానుభావులుంటారు, అది విషం.

లక్ష్మి_పాడి
ఎవరూ పొదుగువాపు గురించి అనలేదు. తమ్ముడూ, నీ మూడింట్లో ఏదైనా ఒక చన్ను ధార తగ్గిందా? మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూడు, తరకలు కనబడితే మొదలైనట్టే. నేను కలబంద మట్ట పావుకిలో, పసుపు యాభై గ్రాములు, సున్నం పదిహేను గ్రాములు రుబ్బి, పొదుగు ఖాళీ చేసి, రోజుకు ఎనిమిది పదిసార్లు రాస్తాను, ఐదు రోజులు. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) వాళ్లు కూడా ఇదే చెబుతున్నారు. మొదట్లోనే పట్టుకుంటే తగ్గిపోతుంది.

పశువైద్యం
మొదట్లో అయితే పరవాలేదు. జ్వరం, గట్టిపడటం, రక్తం కనబడితే మాత్రం పసుపుతో ఆగకండి. యాంటీబయాటిక్ మొదలుపెడితే పూర్తి కోర్సు వేయించండి. రెండు రోజులకే ఆపేసి మళ్లీ వస్తే ఇంకో మందు, ఇంకో మందు. చివరికి చన్ను మూసుకుపోతుంది. ఆ రోజుల్లో పాలు కేంద్రానికి పోయకూడదు.

పిండాక అరగంట పడుకోనివ్వకండి, చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది. ముందు గడ్డి వేస్తే నిలబడి తింటుంది. అంతే, పైసా ఖర్చు లేదు.

గోదారోడు
నొప్పికి డైక్లోఫెనాక్ వేస్తే పోతుందని మా పక్కింటాయన...

పశువైద్యం
పశువులకు 2006లోనే నిషేధించారు. ఆ కళేబరాలు తిని రాబందులు అంతరించిపోయే స్థితికి వచ్చాయి. మెలోక్సికామ్ ఉంది, అది అడగండి.

లెక్కలమాస్టారు
బీమా ఉందా @కొత్తకొట్టం?

కొత్తకొట్టం
లోన్ తీసుకున్నప్పుడు చేయించారు. చెవి పోగులు వేశారు. రెండింటివి ఊడిపోయాయి.

లెక్కలమాస్టారు
ఈ రోజే చెప్పి మళ్లీ వేయించండి. పోగు లేకపోతే ఆ బర్రె మీది కానట్టే. మా ఊళ్లో పాము కరిచి ఒక గేదె పోతే, పాపం అని సాయంత్రానికి పూడ్చేశారు. పోస్టుమార్టం లేదు, ఫొటో లేదు, ఒక్క రూపాయి రాలేదు. ముందు కంపెనీకి ఫోన్, తర్వాత డాక్టరు, ఆ తర్వాతే గొయ్యి.

ఒంగోలుగిత్త
గాలికుంటు టీకా అయినా వేయించారా? అది వస్తే ఈ లెక్కలన్నీ వృథా.

కొత్తకొట్టం
అది ఊరికి వచ్చి ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు, వేయించాం. ఈసూకుడు రోగం (బ్రూసెల్లోసిస్) టీకా సంగతి మాత్రం తెలియదు.

పశువైద్యం
అది ఆడ దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, జీవితంలో ఒక్కసారే. పెద్దవాటికి వేయరు. ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో ముట్టుకోకండి, ఆ రోగం మనుషులకూ వస్తుంది.

కొత్తకొట్టం
బేరగాడికి ఫోన్ చేసి ఇప్పుడే రావొద్దన్నాను. నిన్న డాక్టర్ గారు వచ్చి ఐదింటినీ చూశారు. రెండు చూడితో ఉన్నాయి! ఒకటి ఏడో నెల, ఇంకోటి నాలుగో నెల. ఒకదానికి గర్భకోశంలో చీము, మందు ఎక్కించారు. ఒకటి బాగానే ఉంది, మూగ ఎద అన్నారు. అయిదోదానికి అండాశయం ఒకవైపు అతుక్కుపోయింది, లాభం లేదన్నారు. బేరగాడు ఆ ఏడో నెలదానికే అందరికంటే తక్కువ ధర చెప్పాడు, బక్కగా ఉందని.

బర్రెలబావ
వాడికి తెలిసే చెప్పాడు తమ్ముడూ. బేరగాడి చెయ్యి డాక్టరు చెయ్యి కంటే ముందు పోతుంది.

గోదారోడు
😂 నిజం.

లెక్కలమాస్టారు
అయిదోదాన్ని అమ్మండి. నెలకు 4,500 ఆగుతుంది, వచ్చిన డబ్బుతో చాఫ్ కట్టర్, నేపియర్ ముక్కలు. పాలిచ్చే మూడింటికీ ఈనిన తేదీ, ఎద తేదీ గోడ మీద రాసిపెట్టండి. ఈనిన మూడు నెలలకల్లా మళ్లీ చూడి కట్టాలి. వాటిని కూడా వట్టిపోనిస్తే వచ్చే ఏడాది ఇదే థ్రెడ్ మళ్లీ వేయాల్సి వస్తుంది.

కొత్తకొట్టం
నాన్న ఎకరం నేపియర్‌కు ఒప్పుకున్నాడు. మిగతా రెండెకరాలూ పత్తే అన్నాడు.

నేపియర్_నర్సన్న
ఎకరం చాలు. ముక్కలు కొనేటప్పుడు మూడు నెలలు దాటిన ముదురు కాడవి చూసుకో, రెండు కణుపులు ఉండాలి, ఒకటి భూమిలోకి పోవాలి. లేత కాడలు కుళ్లిపోతాయి. పత్తి చేలో మందు కొట్టిన రోజు గాలి ఎటు వీస్తుందో చూసుకుని గడ్డి కొయ్యి.

పశువైద్యం
ఏడో నెల దానికి ఇప్పటి నుంచే దాణా పెంచండి, రోజుకు కిలోన్నర, రెండు కిలోలు. బక్కగా ఉందన్నారు కదా, గేదె చూడి కాలం పది నెలల పది రోజులు, మీకింకా మూడు నెలల దాకా టైముంది. గచ్చు మీద జారే చోట కట్టకండి, వెనక కాళ్లు పల్లానికి ఉండేలా అసలు కట్టకండి, గర్భసంచి వెనక్కి జారుతుంది. ఈనే వారం ముందు మళ్లీ ఇక్కడ రాయండి, పాలజ్వరం గురించి అప్పుడు చెబుతా.

డాలస్‌పాడి
నా షీట్లో 50ని 5 చేశాను.

లక్ష్మి_పాడి
అయిదింటికి కూడా నాలుగున్నరకే లేవాలండీ.